బావ చొక్కా గుండీలు

మొన్న నాయుడుపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, నా పక్కన కూర్చున్నావిడ ఐసు వేసిన నీళ్ల గ్లాసును చీరకొంగుతో పట్టి దూరంగా జరిపి, వేడినీళ్లు దొరుకుతాయా అని అడిగింది. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని గనుక ఆవిడకు ఏ క్యాన్సరు మందు ఎక్కిస్తున్నారో అడగకుండానే తెలిసిపోయింది. నీళ్లు తెచ్చిచ్చి కూర్చుంటే మా బావ గుర్తుకొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త, మనుబోలు దగ్గర వరి రైతు. పెద్దపేగులో పుట్టిన క్యాన్సరు కాలేయం దాకా పాకిందని తేలినప్పుడు, పూర్తిగా నయం కాదు గానీ రెండు మూడు మందులు కలిపి ఎక్కిస్తే కొంతకాలం నిలబెట్టవచ్చునని, నెల్లూరులో నేను పనిచేసే ఆసుపత్రి డాక్టరు గారు చెప్పారు. పదిహేను రోజులకొకసారి అక్కా బావా బస్సెక్కి వచ్చి రెండు రోజులు మా వార్డులో ఉండేవాళ్లు. ఆ మందుల్లో ఒకటి ఎక్కితే చల్లదనం పడదు. తెల్లవారకముందే మడిలో దిగే మనిషి, కుండనీళ్లు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టుందని నవ్వేవాడు. అక్క కూడా ఆయనతోపాటు నడివేసవిలో గోరువెచ్చని నీళ్లే తాగేది.

ఎనిమిదోసారి అనుకుంటాను, సూది పెట్టబోతూ చొక్కా చేతి గుండీ తియ్యమంటే బావ అక్క వైపు చూశాడు, అక్క వచ్చి తీసింది. గట్టిగా అడిగితే, నెల రోజులుగా వేళ్లు మొద్దుబారి పట్టు దొరకడం లేదనీ, అన్నం కూడా అక్కే కలిపి పెడుతోందనీ బయటపడింది.

“డాక్టరు గారికి చెప్పబాకు మ్మే. చెబితే మందు ఆపేస్తారు. ఇంకో కోత చూడాలని ఉండాది నాకు,” అన్నాడు.

సరేనని తలూపి, నేరుగా డాక్టరు గారి గదికి వెళ్లి చెప్పేశాను. చల్లదనం పడనివ్వని మందే వేళ్లనూ మొద్దుబారుస్తుందనీ, ఇంకా ఎక్కిస్తే అది ఎప్పటికీ పోకపోవచ్చనీ ఆ ఒక్కదాన్నీ ఆపి, మిగతావి కొనసాగించారు. తర్వాత మూడుసార్లు వచ్చినా బావ నాతో మాట్లాడలేదు, సూదికి చెయ్యి మాత్రం చాపేవాడు. ఆయన ఆయుష్షులోంచి కొన్ని నెలలు నేనే తీసేశానేమోనని ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని.

ఆరేడు నెలలకు కాబోలు, ఒకరోజు ఇంటికి బయల్దేరబోతూ బావ నా ముందు నిలబడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకోవడం మొదలెట్టాడు. మూడోది రెండుసార్లు జారింది. అక్క చెయ్యి వేయబోతే “నువ్వుండు” అన్నాడు. చివరిది కూడా పెట్టుకుని, “చూసినావా మ్మే” అన్నాడు నాతో. ఆ ఏడు కోత చూశాడు, మరుసటి ఏడాదిదీ చూశాడు, ఆ పైది అక్క ఒక్కతే కోయించింది.

ఇప్పుడు చాలామంది రెండు రోజులు వార్డులో ఉండే పని లేకుండా, మందు నింపిన చిన్న పంపును నడుముకు తగిలించుకుని ఇంటికే వెళ్లిపోతున్నారు, మంచిదే. రిటైరయ్యాక నాతో అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు, అడిగిందల్లా తెచ్చిపెడుతున్నారు. నా మీద అలిగేంత చనువున్నవాళ్లు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోయారు.