నరసమ్మ జిగురుమొక్కలు

పెంటపాడులో వెంకటనరసమ్మ పేరెత్తితే ముందు ఆమె కోపం గురించే చెప్పేవారు. ఆ కోపం ఎందుకొచ్చిందో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

ఆమె పుట్టిల్లు నల్లజర్ల వైపు మెట్టలో. అక్కడ వానలు వెనకబట్టాక, చెమ్మ ఆరని ఇసుకనేలలో, రూపాయి బిళ్లంత మొక్కలు నేలకు అతుక్కుని మొలిచేవి. ఎర్రటి ఆకులు, ఆకు నిండా సన్నని వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా మెరిసే బంకబొట్టు. దోమ వాలిందా, ఇక లేవలేదు. చూస్తుండగానే వెంట్రుకలు వంగి దాన్ని అదిమేస్తాయి. పిల్లలు వాటిని జిగురుమొక్కలనేవారు.

కాపురానికి వచ్చేటప్పుడు నరసమ్మ వాటిని ఒక ముంతలో పెట్టుకుని తెచ్చింది. నల్లమట్టిలో నాటి కాలవనీళ్లు పోస్తే చచ్చిపోయాయి. మరుసటేడు మొక్కలతోపాటు ఆ ఇసుకా తెచ్చుకుంది. వాననీళ్లు పట్టి పోసింది. ఎరువన్నది చూపించలేదు. ఈసారి బతికాయి. ఒకరోజు తెగిపడిన ఆకు ఒకటి తడి ఇసుక మీద ఉండిపోయి, దాని మీద ఆవగింజంత పచ్చని మొలక లేచింది. అది చూశాక ఆమె కావాలనే ఆకులు ఒలవడం మొదలుపెట్టింది. కాడతో సహా తీసి, మట్టి మూకుళ్లలో తడి ఇసుక మీద జిగురు పైకి ఉండేలా పరిచి, గాజుగ్లాసు బోర్లించేది. కొన్ని నల్లబడి కుళ్లేవి. కొన్ని పిల్లల్ని పెట్టేవి. ఎండలకు తల్లిమొక్కలు మాడిపోయినా, ఈ పిల్లలు పెరటి చావడి నీడలో నిలిచేవి. ఉమ్మడి కుటుంబంలో ఆమెకంటూ ఉన్నవి ఆ మూకుళ్లే.

ఇంటికి పెద్ద ఆమె బావగారు వెంకట్రాజు. ఆయన మాటకు నరసమ్మ భర్త గవర్రాజు ఏనాడూ ఎదురు చెప్పినవాడు కాదు. వెంకట్రాజు భార్య కాంతం. వాళ్లకు రాజకుమారి అనే రెండేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు సూర్యం.

పందొమ్మిదివందల ముప్పై నాలుగులో వరికోతల వేళ సూర్యానికి జ్వరం తగిలింది. గొంతు వాచింది. మింగుడుపడటం మానేసింది. నరసమ్మ దీపం దగ్గర పెట్టి వాడి నోరు తెరిపించి చూసి, నేరుగా బావగారి దగ్గరకి వెళ్లింది.

"బావగారూ, పిల్లాడి గొంతులో తెల్లగా పొర కట్టిందండి. బండి కట్టించండి. గూడెం డాక్టరుగారికి చూపిద్దాం."

"మబ్బు చూశావా? పనలన్నీ చేలోనే ఉన్నాయి. తుఫానంటున్నారు. కళ్లానికి చేరేదాకా బండి కదలదు. రేపు చూద్దాం."

"రేపటికి ఆగేలా లేదండి. ఊపిరి చూడండి ఎలా లాగుతున్నాడో."

"మాత్ర అరగదీసి పోశారుగా. తగ్గుతుంది."

నరసమ్మ పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని వీధి గుమ్మం వైపు నడిచింది. గూడెం పట్నం ఎంతో దూరం లేదు. వెంకట్రాజు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంటికోడలు వానలో పిల్లాణ్ణి మోసుకుంటూ రోడ్డున పడిందంటే ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? లోపలికి పద."

నరసమ్మ భర్త వైపు చూసింది. గవర్రాజు తలకు తువాలు చుట్టుకుని నేల చూస్తున్నాడు. కాంతం వచ్చి ఆమె భుజం మీంచి కొడుకుని తీసుకుంది.

"ఊరుకో నర్సమ్మా. రేపు తీసుకెళ్తానంటున్నారుగా."

తెల్లవారకముందే సూర్యం పోయాడు. పనలు కళ్లానికి చేరాయి. నాలుగు చినుకులు పడి మబ్బు విడిపోయింది. తుఫాను రాలేదు.

వెంకట్రాజు మనిషి కాకుండా పోయాడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకునేవాడు. ఆ దుఃఖానికి ఎక్కడో ఒక కారణం దొరకాలి. దినవారాలు కాకముందే ఎవరో చెప్పగా పక్క ఊరి మంత్రగాణ్ణి పిలిపించాడు. వాడు ఇల్లంతా తిరిగి పెరటి చావడిలో మూకుళ్ల దగ్గర ఆగాడు. ఒక ఆకుమీద ఈగ ఇంకా కొట్టుకుంటోంది.

"ప్రాణాన్ని పట్టి పీల్చే మొక్క. ఇలాంటిది పసివాడున్న ఇంట్లో పెడతారా?"

వెంకట్రాజు కర్ర తెచ్చి మూకుళ్లన్నీ పగలగొట్టాడు. ఇసుకను కాలితో తొక్కాడు. కాంతం గుండెలు బాదుకుంటూ నరసమ్మ మీదికి వచ్చింది.

"నా బిడ్డను తినడానికే పెంచావటే దాన్ని!"

పరామర్శకు వచ్చిన చుట్టాలంతా చూస్తున్నారు. నరసమ్మ ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను పెంచింది దోమను తింటుంది, చీమను తింటుంది అక్కా. పిల్లల్ని తినదు. పిల్లాణ్ణి తిన్నది ఏదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. బావగారికి ముందు తెలుసు. బండి వడ్లకు కావాల్సొచ్చింది. నేను ఎత్తుకుని బయల్దేరితే గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. ఆయనకి పరువు అడ్డొచ్చింది. ఈయనకి నోరు పెగల్లేదు. ఇప్పుడు నోరులేని మొక్క దొరికింది అందరికీ!"

"నోర్ముయ్!" అన్నాడు వెంకట్రాజు.

"ఆ రోజు మూసుకున్నందుకే కదండీ ఇంత అయింది."

గవర్రాజు ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగాడు. "అన్నయ్యని పదిమందిలో అలా అనొచ్చా?" అన్నాడు.

"మీరు ఒక్కమాట అని ఉంటే నాకు అనే పని ఉండేది కాదండి."

ఆ సాయంత్రం ఆమె పెంకుల మధ్య మోకాళ్లమీద కూర్చుని ఏరింది. వేరుతో మిగిలిన మొక్క ఒక్కటీ లేదు. నలగని ఆకులు గుప్పెడు దొరికాయి. వాటిని వాననీళ్లలో జాడించి, పగిలిన మూకుడు అడుగునే ఇసుక పోసి పరిచింది. కళ్లనీళ్లు కూడా పెట్టుకోలేదు. పళ్లు బిగించి పరిచింది. మర్నాడు భర్తతో, వేరుపడితేనే మీతో కాపురం అని చెప్పింది. గవర్రాజు ఎంత బతిమాలినా వినలేదు. చివరికి నడుమ గోడ లేచింది. వాళ్ల వాటాకు పడమటి గదులు వచ్చాయి.

ఆకులు చాలావరకు కుళ్లాయి. కొన్నిటి మీద మాత్రం మొలకలు లేచాయి. అవి ఎదిగి ఎర్రబడ్డాక, నరసమ్మ మూకుళ్లను పెరట్లో దాచలేదు. వీధి అరుగు మీద వరసగా పెట్టింది. దారినపోయేవాళ్లు అటువైపు చూడకుండా నడిచేవారు. ఎవరైనా ఆగితే చీమను పట్టి ఆకుమీద వేసి, "చూడండి. దీని బలం ఇంతే," అనేది. పక్క అరుగు మీద కూర్చున్న వెంకట్రాజుకు వినపడేలాగే అనేది.

గవర్రాజు ఒకరోజు, "ఇంకా ఎన్నాళ్లే?" అన్నాడు. ఆమె మూకుళ్లకు వాననీళ్లు పోస్తూనే ఉంది.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం కాంతం గోడ చుట్టూ తిరిగి వచ్చింది. చిక్కిపోయి ఉంది. మూకుళ్ల దగ్గర ఆగింది.

"నీ భుజం మీంచి వాణ్ణి తీసుకున్నది నేనేగా నర్సమ్మా."

నరసమ్మ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కాంతం తాగి వెళ్లిపోయింది.

తర్వాతి వానాకాలంలో రాజకుమారికి చలిజ్వరం వచ్చింది. కాంతం ఎవరినీ బండి అడగలేదు. పిల్లను చంకనేసుకుని వీధిలోకి వచ్చి, "నర్సమ్మా, వస్తావా?" అని పిలిచింది. పొయ్యి మీదున్న ఎసరు గిన్నె దింపేసి నరసమ్మ బయటికి వచ్చింది. వెంకట్రాజు అరుగు మీద లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఆయన ముందునుంచే నడిచారు. ఈసారి ఆయన అడ్డు రాలేదు. ఒకరి తర్వాత ఒకరు పిల్లను ఎత్తుకుంటూ గూడెం చేరారు. డాక్టరు క్వినైను ఇచ్చాడు. పిల్ల తేరుకుంది.

ఆ తర్వాత తోడికోడళ్ల మధ్య మాటలు కలిశాయి. గవర్రాజు కూడా అన్నగారి ముందు అడపాదడపా గొంతెత్తడం నేర్చుకున్నాడు. వెంకట్రాజు మాత్రం తప్పు నాదని ఎన్నడూ అనలేదు. చివరిరోజుల్లో ఆయన మంచాన పడితే, నరసమ్మ రెండుపూటలా జావ కాచి పంపింది. తనే తీసుకెళ్లి ఇవ్వవచ్చు కదా అని ఎవరో అన్నారు.

"ఆకలి తీర్చడం నా పని. ఆ గుమ్మం తొక్కడం నావల్ల కాదండి," అంది నరసమ్మ.