సున్నపు బట్టీకి బిగించిన గేజీ

అరవయ్యో దశకం మొదట్లో ఒక ఎండాకాలం నన్ను కృష్ణపట్నం దగ్గరి గుల్లసున్నం బట్టీకి కెమికల్ అసిస్టెంటుగా వేశారు. హోదాలో నా పైన సూపరింటెండెంటు గారు, నా కింద బట్టీ మేస్త్రీ చెంగయ్య. పనిలో మాత్రం మా ఇద్దరికన్నా పైన చెంగయ్యే.

ఉప్పుటేరులో ఏరిన గుల్లల్ని బొగ్గుతో పొరలు పొరలుగా పేర్చి కాలిస్తే, వాటిలోంచి బొగ్గుపులుసు వాయువు విడిపోయి సున్నం మిగులుతుంది. అయితే ఇది రెండువైపులా నడిచే చర్య. బట్టీలోని గాలిలో ఆ వాయువు వాటా, అంటే దాని పాక్షిక పీడనం, ఆ వేడికి తగిన హద్దు దాటిందా, గుల్ల గుల్లగానే ఉండిపోతుంది. అందుకే బట్టీకి మూత ఉండదు.

మా సూపరింటెండెంటు గారు మూత పెట్టించారు. పొగకు పక్కనున్న అతిథి బంగళా నల్లబడుతోందట. డైరెక్టరు గారు వచ్చేలోగా దానికి వెల్ల వేయాలి, ఆ వెల్లకు సున్నం మా బట్టీ నుంచే రావాలి. ఇనుప రేకులు కప్పి సందులు మట్టితో మెత్తారు. వరుసగా రెండు కాల్పులు చెడ్డాయి. నీళ్లు చల్లితే కుతకుతలాడుతూ విచ్చుకోవలసిన సరుకు ఊరికే తడిసి కూర్చుంది. గుల్లలో ఇసుక కలిపాడని చెంగయ్యకు మెమో ఇచ్చారు. మూడోదీ చెడితే ఉద్యోగం తీసేస్తామన్నారు.

“గాలి ఆడకపోతే గుల్ల ఎట్ట కాలతాది సార్? ఇన్నేండ్లు కాల్చినాను, ఇప్పుడు ఇసక కలిపేదానికి నాకేం కర్మ?” అన్నాడు చెంగయ్య.

నేను వెళ్లి పాక్షిక పీడనం గురించి సూపరింటెండెంటు గారికి వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అదే మా కొంప ముంచింది. మర్నాడు పీడనం కొలిచే ఒక పాత రైసుమిల్లు బాయిలరు గేజీ తెప్పించి మూతకు బిగించారు. మట్టి బీటల్లోంచి వాయువు ఎంతో కొంత కారుతూనే ఉంటుంది కనుక లోపలి మొత్తం పీడనం బయటి గాలితో సమానమే. అందులో ఏ వాయువు వాటా ఎంతో గేజీ చెప్పదు. బయటికన్నా లోపల పీడనం ఎక్కువైతేనే కదిలే ముల్లు, సున్న దగ్గరే ఉండిపోయింది. ఆయన రోజుకు మూడుసార్లు రిజిస్టరులో ‘పీడనం లేదు’ అని రాయించి, మొత్తమే లేనప్పుడు అందులో భాగం ఎక్కడిదని నన్ను అడిగారు. నాకు ఒళ్లు మండింది.

ఆ కోపంలోనే ఒక ఉపాయం తట్టింది. వాటాలు తేలాలంటే ఒక్క గేజీ చాలదు, పన్నెండు కావాలని ఇండెంటు రాశాను. అవి వచ్చేలోగా మూతకు రంధ్రాలు వేసి ఉంచడానికి అనుమతి అడిగాను. ఆయన సంతోషంగా సంతకం చేశారు. చెంగయ్య ఒక్కో రంధ్రం తలకాయ పట్టేంత వేశాడు. పొగ మళ్లీ బంగళా మీదికే పోయింది. కానీ అది మంజూరైన రంధ్రాల్లోంచి వస్తున్న పొగ కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గేజీలు రానేలేదు. మూడో కాల్పు సున్నం తెల్లగా విచ్చుకుంది.

చెంగయ్య ఉద్యోగం నిలిచింది. గేజీ వల్లే సున్నం బాగుపడిందని సూపరింటెండెంటు గారు రాసిన నివేదిక మీద నేనూ సంతకం పెట్టాను. రంధ్రాల సంగతి ఎత్తితే మెమో మళ్లీ పైకి లేస్తుందని భయపడ్డాను.

కొన్ని నెలలకు సర్క్యులరు వచ్చింది. అన్ని బట్టీలకూ మూత, ప్రతి మూతకూ ఒక గేజీ. దక్షిణాన ఇంకో బట్టీలో అక్షరాలా అలాగే చేశారు. సున్నం కాలలేదు. అక్కడి మేస్త్రీని తీసేశారు. గేజీ ఉండి కూడా సరుకు చెడిందంటే తప్పు మనిషిదేనని ఉత్తర్వులో రాసి, రుజువుగా మా నివేదిక జతచేశారు. నేను అసలు సంగతి రాసి పంపాను. కేసు ముగిసిందని జవాబు వచ్చింది.

తప్పు కారణం రాసి ఒకరిని కాపాడితే, ఆ కాగితం ఇంకొకరి మీద సాక్ష్యమవుతుంది. ఆ మేస్త్రీ పేరు కూడా నాకు ఆ ఉత్తర్వులోనే తెలిసింది.