నిన్న ఏమేం తిన్నారు?

ఎండలు ముదిరేకొద్దీ పల్లెల్లో తిండి ఎలా మారుతోందన్నది నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఆ వేసవంతా రెంటచింతలలో గది తీసుకుని, ఇంటింటికీ వెళ్లి నిన్న ఏమేం తిన్నారని అడిగేదాన్ని. అడగడం ఎంత అలవాటైందంటే, ఒకరోజు మాచర్ల బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ నవ్వితే, ఊరూ పేరూ అడక్కుండానే "నిన్న ఏమేం తిన్నారు పెద్దమ్మా?" అన్నాను.

ఆమె వింతగా చూడలేదు. "పొద్దున సద్దన్నం, ఉల్లిపాయ. మద్దేనం ఈ ఎండకి పొయ్యి ఎవురు ముట్టిస్తారు, మజ్జిగ తాగి పడుకున్నా. రాత్రికింత అన్నం, గోంగూర పచ్చడి. మరి నువ్వేం తిన్నావమ్మాయ్?" అంది.

నన్ను ఆ మాట అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. బిస్కెట్లేమో అన్నాను.

"ఎవురితో తిన్నావ్?"

"ఒక్కదాన్నే."

"నేనూ అంతే," అని, కిటికీలోంచి నా మీద పడుతున్న ఎండకు తన కొంగు అడ్డం పెట్టింది. మాచర్ల వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత నుంచి ప్రతి ఇంట్లో, ఎవరితో కలిసి తిన్నారని కూడా అడిగేదాన్ని. అది ప్రాజెక్టుకు ఎందుకు పనికొస్తుందని మా గైడ్ అడిగారు. పనికిరాదన్నాను. అడగడం మాత్రం మానలేదు.