పోయొస్త అనే బటన్

మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ "పోతున్న" అనడానికి వీల్లేదు. చెప్పుల్లో కాలు పెట్టి ఆ మాట నోరు జారామా, గడప దగ్గరే నిలబెట్టేది. "ఏమన్నవ్? మల్ల చెప్పు" అనేది. "పోయొస్త" అని సరిగ్గా చెప్పాకే కదలనిచ్చేది. కిరాణా కొట్టుకు పోయినా అంతే, హైదరాబాద్ బస్సెక్కినా అంతే. చిన్నప్పుడు నాకది ఒట్టి చాదస్తంలా ఉండేది. ఇప్పుడు ఆ మాట ఒక ఫోను తెర మీద, చిన్న నీలం బటన్ మీద ఉంది. దాన్ని అక్కడ నిలబెట్టడానికి ఒక తంటా పడ్డాను, నొక్కడానికి ఇంకో తంటా పడ్డాను.

నారాయణపేటలో మాది మగ్గం ఇల్లు. నాయిన పోయాక మగ్గం తీసేశాం కానీ, నేసేటప్పుడు కాళ్ళు దింపుకునే దాని గుంట అలాగే ఉండిపోయింది. హైదరాబాద్ కంపెనీ పని ఇంటి నుంచే చేసుకోవచ్చన్నప్పుడు, అక్కడి కిరాయి గది ఖాళీ చేసి అమ్మ దగ్గరికి వచ్చేశాను. గుంట మీద చెక్కలు పరిచి నా బల్ల వేసుకున్నాను.

కంపెనీ పని కాకుండా నాకు సొంత పిచ్చి ఒకటుంది. లినక్స్ అంటే తెలిసినవాళ్ళకు తెలుసు, కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఇన్‌స్టాలర్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. ఏ భాష కావాలి, పాస్‌వర్డ్ ఏం పెట్టుకుంటారు, ఎంత జాగా ఇవ్వాలి అని ఒక్కొక్కటే అడుగుతూ పని ముగిస్తుంది. లినక్స్‌లాగే విప్పి మార్చుకోవడానికి వీలైన ఫోను ఒకటి తెప్పించుకున్నాను. ఆ ఇన్‌స్టాలర్‌ను ఈ ఫోనులో నడపాలి, అదీ తెలుగులో నడపాలి. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వలేదు. అయినా అది పూర్తయితే తప్ప నిద్ర పట్టదన్నట్టు ఉండేదాన్ని.

కంప్యూటర్ కోసం వెడల్పుగా కట్టిన తెరలు నిలువు ఫోనులో ఎందుకు ఒదుగుతాయి? "తర్వాత" అనే బటన్ తెర కిందికి ఎక్కడికో జారిపోయేది. కీబోర్డు పైకి లేచిందంటే రాయాల్సిన గడి దాని వెనక దాక్కునేది. ఒకటి సర్దితే ఇంకొకటి చెడేది. నేను పళ్ళు నూరుతుంటే అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "గింత ఫోనుకు గంత కోపమెందుకే, జర నిమ్మళంగ చెయ్యి" అనేది.

పరీక్షించడానికి అమ్మను మించిన మనిషి దొరకలేదు. తెలుగు చదువుతుంది, ఇంగ్లిషు రాదు, మొహమాటం అసలే లేదు. ఏళ్ళ తరబడి నూలు కండెలు చుట్టి వేలి కొసలు మొద్దుబారిపోయాయి. ఎంత నొక్కినా తెర పట్టించుకునేది కాదు. "గీ ఫోనుకు నేనంటే లెక్కలేదు" అని వేలు నాలుకకు తడి చేసుకుని మళ్ళీ నొక్కేది. ఆ వేళ్ళ కోసమే బటన్లన్నీ పెద్దవి చేశాను.

మాటల దగ్గర మాకు రోజూ కొట్లాటే. "తర్వాత" అని ఉన్నచోట "ఊఁ" అని రాయమంది. "కత చెప్తాంటే ఊఁ అంటం గదా, గట్లనే." పాస్‌వర్డ్‌కు "గుట్టు" అంది. "గుట్టు రెండుసార్లు రాయమని అడుగుతది, మరి అది గుట్టెట్లయితదమ్మా?" అంటే తనే పకపకా నవ్వింది. నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ నవ్వు కోసం ఇప్పుడు ఎన్ని తప్పు మాటలైనా రాయగలను.

ఒక మధ్యాహ్నం ఇన్‌స్టాలర్ మొదటిసారి ఆఖరి దాకా నడిచింది. చివరి తెర మీద ఒకే బటన్. ఎక్కించడం అయిపోయింది, ఫోను ఒకసారి ఆగి మళ్ళీ లేవాలి. నిఘంటువు చూసి దాని మీద "పునఃప్రారంభించు" అని రాశాను. అది బటన్‌లో పట్టక "పునఃప్రారం" దగ్గరే తెగిపోయింది. అమ్మ కూడబలుక్కుని చదివింది. అర్థం కాకపోయినా నా మీద నమ్మకంతో నొక్కింది. తెర నల్లబడింది.

"అయ్యో, పోయింది బిడ్డా! నేనే చెడగొట్టిన."

"పోలేదమ్మా. పోయొస్తది. జర ఆగు."

ఫోను వీపు మీద అరచెయ్యి పెట్టి, జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు చూస్తూ కూర్చుంది. కాసేపటికి తెర వెలిగింది. అప్పుడు అమ్మకు కోపమొచ్చింది.

"పోయొస్త అని చెప్పి పోతే నేనెందుకు భయపడ్త? చెప్పకుండ పోతే పానం గుబులైతది. గా మాటే రాయి."

రాశాను. బటన్‌లో చక్కగా పట్టింది. అమ్మ మళ్ళీ నొక్కింది. ఈసారి తెర నల్లబడగానే "పోయిరా" అంది ఫోనుతో, రోజూ నాతో అన్నట్టే. ఆ తర్వాత ఎప్పుడు పరీక్షించినా ఆ ఇద్దరి మధ్యా ఇదే మాట. వంటింట్లో ఉంటే అక్కడి నుంచే "పోయిందా? పోయిరమ్మను" అని కేకేసేది.

ఆ చలికాలం అమ్మకు ఆయాసం మొదలైంది. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. లోపలి గది తలుపు దగ్గర నన్ను ఆగమన్నారు. చక్రాల మంచం మీద పడుకున్న అమ్మ, మూతి మీది మాస్కు తనే కొంచెం పక్కకు జరుపుకుంది.

"పోయొస్త బిడ్డా."

"పోయిరామ్మా" అన్నాను. అలవాటుగా అన్నాను. అమ్మ రాలేదు. ఆ మాట చెప్పి పోయినవాళ్ళు రాకుండా ఉంటారని అప్పటిదాకా నేనెరగను.

ఇప్పటికీ చెప్పులు వేసుకున్నాక గడపలో ఒక క్షణం ఆగుతాను. నిలబెట్టేవాళ్ళు లేరు. ఎవరైనా కసిరి నిలబెడితే బాగుండుననిపిస్తుంది.

పని మాత్రం ఆపలేదు. అన్నీ సర్దుకున్నాక నా మార్పులను ఆ లినక్స్ నడిపే బృందానికి పంపాను. ఫోనుకు కుదించిన తెరలు వాళ్ళకు నచ్చాయి. తెలుగు మాటలు సరిచూసే ఒకాయన ఉన్నారు. సముద్రం వైపు, కోస్తా మనిషి, నేనెప్పుడూ చూడలేదు, రాతల్లోనే పరిచయం. ఆయన ఆ ఒక్క బటన్ దగ్గర ఆగారు. "బటన్ మీద ఉండేది మనం ఫోనుకు చెప్పే మాట కదండీ. పోయొస్త అంటే ఎవరు, ఎక్కడికి? అందరికీ తెలిసిన రీస్టార్ట్ అని పెట్టేద్దామా?"

అడిగినదాంట్లో న్యాయముంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. మీరు మాట్లాడితే భాష, మేం మాట్లాడితే యాసా అని పొడుగాటి జవాబు రాశాను. చదువుకుంటే అందులో నా కోపమే ఉంది, అమ్మ లేదు. తుడిచేశాను. జరిగింది జరిగినట్టు రాశాను. మా అమ్మ నొక్కింది, తెర నల్లబడితే భయపడింది, ఈ మాట ఆమె చెప్పింది, ఇప్పుడామె లేదు. ఈ మాట తీసేస్తే ఈ పనిలో ఆమెదంటూ ఏమీ మిగలదు.

కొన్నాళ్ళు జవాబు కోసం రోజూ తెరిచి చూసుకునేదాన్ని. చివరికి జవాబొచ్చింది.

"మా అమ్మమ్మ కూడా అంతేనండీ. వెళ్తున్నా అంటే ఊరుకునేది కాదు, వెళ్ళొస్తా అనమనేది. మీ మాటే ఉంచుదాం. కింద చిన్న అక్షరాల్లో 'ఫోను ఆగి మళ్ళీ వస్తుంది' అని చేర్చండి. అసలు ఫోను మీద మీ చేత్తో ఒకసారి నొక్కి చూసి, పనిచేసిందని చెప్పండి చాలు."

నా చేత్తో నొక్కడం. నేను చేయనిదే అది. అమ్మ పోయాక ఫోనును ఆపి లేపాల్సి వచ్చినప్పుడల్లా కేబుల్ తగిలించి కంప్యూటర్ నుంచే ఆదేశమిచ్చేదాన్ని. ఆ బటన్ జోలికి పోలేదు.

మర్నాడు పొద్దున్నే బల్ల దగ్గర కూర్చున్నాను. భాష, పాస్‌వర్డ్, జాగా, అన్నీ వరసగా దాటుకుంటూ ఆఖరి తెరకు వచ్చాను. పోయొస్త. లేచి నీళ్ళు తాగొచ్చి నొక్కాను.

తెర నల్లబడింది. "పోయిరా" అనబోయి మానేశాను. అమ్మలాగే ఫోను వీపు మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. వీధిలో పాల బండి ఆగి మళ్ళీ కదిలింది.

తెర వెలిగింది. చెప్పినట్టే వచ్చింది. సంతోషపడాల్సింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని, వంటింటి వైపు చూస్తూ పైకే అన్నాను.

"నువ్వు గూడ గదే మాట చెప్పి పోతివి గదనే అమ్మా."