పరగడుపు అని రాశాను

ఇన్నేళ్ళుగా ఒక మాట గుండెల మీద బండలా మోస్తున్నాను. మా ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. మీకే చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నేను ఊబకాయం మీద, షుగరు మీద పరిశోధన చేసేదాన్ని. తొంభైలు ముగుస్తున్న రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల మిరప పండే ఊళ్ళన్నీ టేపు పట్టుకుని తిరిగాను. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి, నడుం చుట్టూ మాత్రం కొవ్వు పట్టిన కూలి ఆడవాళ్ళని ఎంతమందిని కొలిచానో. లావుగా కనపడనివాళ్ళకీ ఊబకాయపు జబ్బులు వస్తాయన్నది నా ఆలోచన. నాలుగేళ్ళ నా చాకిరీని మా ప్రొఫెసరు తన పేరు మీద, తన బావమరిది పేరు మీద అచ్చు వేయించుకున్నాడు. నా పేరు చివర కృతజ్ఞతల్లో వేశాడు, జీపు డ్రైవరు పేరు తర్వాత. అడిగితే, నీకింకా బోలెడు వయసుందిగా అని నవ్వాడు. ఆ నవ్వుకి కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మరుసటి ఏడు మిరపకోతల్లో ఇంకో సర్వేకి పంపాడు. పరగడుపున రక్తం తీయాలి. తెల్లవారుతుండగానే ఆడవాళ్ళు బడి వరండాలో వరస కట్టారు. రక్తమిచ్చి అటునుంచటే ట్రాక్టరెక్కి చేలోకి పోవాలి. ముందు కూర్చున్నది రమణమ్మ. నలభై ఏళ్ళుంటాయి.

"ఏమీ తినకుండానే వచ్చావా?"

"ఏం తిన్లేదమ్మా. టీ నీళ్ళే తాగా. ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా తాగుతాంగా, అదేమన్నా తిండా ఏంది?"

"పంచదార వేసిందేనా?"

"పంచదార లేకుండా టీ ఏందమ్మా! నోట్లో పెట్టుకోగలమా?"

వెనకున్నవాళ్ళంతా నవ్వారు. అందరూ తాగే వచ్చారు. మేస్త్రి టీ పోయించందే ఆ ఊళ్ళో కూలి ముఠా కదలదు. తప్పు వాళ్ళది కాదు. ఇంకోరోజు రమ్మని పంపేయాల్సింది నేను.

పంపలేదు. అందరి కాగితాల మీదా పరగడుపు అని రాశాను. తెలియక కాదు, తొందరలోనూ కాదు. ఈ అంకెలు పట్టుకుని ఆయన పెద్ద సభలో గొప్పలు పోతాడు, అప్పుడు చూసుకుందాం అనుకుంటూ, ఒక్కొక్క కాగితం మీదా రాశాను.

అలాగే జరిగింది. ఆయనంటే పడని ఒక డాక్టరుకి సంతకం లేని ఉత్తరం రాశాను. సభలో ఆ డాక్టరు లేచి టీ సంగతి అడిగాడు. మా ప్రొఫెసరు తన కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు. హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో కూర్చుని తనివితీరా చూశాను. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అనుకున్నాను. తర్వాత నన్ను అడిగినవాళ్ళకి, నేను ముందే చెప్పాననీ ఆయనే పట్టించుకోలేదనీ అబద్ధమాడాను. నమ్మారు. ఆయన మళ్ళీ తలెత్తలేదు. రెండేళ్ళకి ఆయన కుర్చీ నాకే ఇచ్చారు.

ఫలితాల చీటీలు మాత్రం సభకి ముందే ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. షుగరుకి అంచున ఉన్నవాళ్ళు ఆ టీతో గీత దాటారు. రమణమ్మ చీటీ మీద షుగరు అని ఉంది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు బిళ్ళలిచ్చాడు. ఒకరోజు బిళ్ళ వేసుకుని, అన్నం తినకుండా కోతకి పోయి, చేలోనే పడిపోయింది. ఎండదెబ్బ అనుకుని నీళ్ళు చల్లి నీడన పడుకోబెట్టారు. ఒంట్లో చక్కెర అడుగంటి గంటలు గడిచాక గానీ ఆసుపత్రికి చేర్చలేదు. ప్రాణం దక్కింది. మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది.

ఏడాది తర్వాత వెళ్ళి చూశాను. బిళ్ళలు ఎప్పుడో మాన్పించారు. ఈసారి నిజంగా పరగడుపున, నా చేత్తోనే రక్తం తీసి పరీక్ష చేశాను. షుగరు లేదు. మీరు ముందే కనిపెట్టబట్టి ఈ మాత్రమైనా మిగిలిందమ్మా అని ఆమె మొగుడు నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకుని జీపెక్కాను.

చీటీలు ఇస్తారని నాకు తెలియదా? వాటి మీద సంతకం నాదే. ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే నా పగ చెడిపోయేది. అందుకే అనలేదు.

ఆయన్ని కూల్చినందుకు ఇవాళ్టికీ నాకు బాధ లేదు. అవకాశం వస్తే మళ్ళీ కూలుస్తాను. క్షమించమని ఎవర్నీ అడగను. అడుగుదామన్నా, నేనెవరో రమణమ్మకి తెలియదు. ఆ పరీక్ష తప్పని తెలిసే సంతకం పెట్టాను. ఈ మాట బయటికి అనడం ఇదే మొదలు. కాస్త ఊపిరాడుతోంది.