నలుపు ఇంకులో ఎర్రబొట్టు

నేను చదివింది ఐదో తరగతే, తప్పులుంటే మన్నించండి. రాయచూరులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పోయినేడు ప్రింటరులోని రంగు ఇంకులన్నీ పారబోసి, పైపులు కడిగి, నలుపు, బూడిద ఇంకులు నింపాను. మొదటి ఫోటో అచ్చం పాతకాలం ఫోటోలా వచ్చింది. చంద్రబండ నుంచి వచ్చిన తిమ్మప్ప తాతకు గర్వంగా ఇచ్చాను. అది ఆయన చనిపోయిన భార్య ఫోటో. మర్నాడే దినం.

తాత ముఖం వాడిపోయింది. "ఏంది బిడ్డా, నేను బతికుండంగనే మా ఆమెకు నల్లబొట్టు పెట్టినవ్? ముత్తైదువ లెక్క పోయింది గద."

ఎరుపు వేయడానికి చుక్క రంగు లేదు. దేవుడి పటం దగ్గరున్న కుంకుమ భరిణె తెచ్చి, "నువ్వే పెట్టు తాతా" అన్నాను. ఆయన వేలితో నెమ్మదిగా దిద్దాడు. "ఇగో, ఇప్పుడు మా ఎల్లమ్మ లెక్కనే ఉంది."

అప్పటి నుంచి ముత్తైదువల ఫోటోలకు బొట్టు ఇంటివాళ్ల చేతనే పెట్టిస్తున్నాను. అంత బాగా నేను పెట్టలేను.