మంచి నూనెను తిప్పి పంపిన పెద్దాయన

మా ముత్తాత అప్పలస్వామికి వన్ టౌన్‌లో నూనె మిల్లు ఉండేది. తాత సింహాచలం కాలానికి మా ఆముదం ఓడలెక్కింది. ఆయన బజారులో నడిచి వెళ్తుంటే హోల్‌సేల్ షాపుల వాళ్ళు గల్లాపెట్టె వదిలి లేచి నిలబడేవారు. అటువంటి ఇంట్లో పుట్టినవాణ్ణి. దయ్యాలంటే ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది చెబుతాను.

ఆస్తులన్నీ పోగా ఒక గోడౌన్ మిగిలింది. దాన్ని నిలబెట్టుకోవాలని, హోటళ్ళలో బజ్జీలూ పూరీలూ వేయించగా మిగిలిన నూనె కొని, వడగట్టి అమ్మడం మొదలుపెట్టాను.

అప్పుడే ఊళ్ళో ఒక రిఫైనరీ, పెట్రోలియంతో పాటు ఇలాంటి నూనెను కూడా కలిపి శుద్ధి చేసి డీజిల్ తీసే ట్రయల్ పెట్టుకుంది. మొదటి ట్యాంకర్ నాది. అది నెగ్గితే సరఫరా నాకే వస్తుంది. గోడౌన్ దక్కుతుంది.

ఆ ఉదయం ల్యాబ్‌లో మా శాంపిల్ పాసయింది. నేను బయటికి వచ్చేసరికి ట్యాంకర్ లేదు.

అన్‌లోడింగ్ చూసే ఇంజనీరు నా చిన్ననాటి స్నేహితుడు. "ఏటి బావా ఇది? పైపు పట్టుకుని నిలబడ్డాం, నూనేదీ?" అని కేకలేశాడు.

డ్రైవర్‌కి ఫోన్ చేశాను. పద్మనాభం ఊరివాడు, కొత్తగా చేరాడు.

"పెద్దాయన తిప్పెయ్యమన్నారు కదా బాబూ! ఊళ్ళోకొచ్చేసినాను."

"ఏ పెద్దాయన?"

"తెల్ల పంచె ఆయన. ఎడం సెయ్యి ఎనకాల నూనె సుక్క రాసి, రుద్ది, వాసన సూసినారు. 'తిప్పెయ్' అన్నారు. మీ మొకమే. మీ ఇంటోరే అనుకున్నాను."

సరుకు ఓడకెక్కే ముందు మా తాత చూసే పద్ధతి అదే. వద్దనుకుంటే అనే మాటా అదే. ఈ డ్రైవర్ పుట్టకముందే ఆయన పోయారు.

సీసీ కెమెరాలో డ్రైవర్ ఒక్కడే ఉన్నాడు. లారీ దిగి, చేతులు కట్టుకుని, ఎదురుగా ఎవరూ లేని చోట తలూపుతున్నాడు.

"హెల్మెట్ లేదని నన్నే ఆపేస్తారు మా సెక్యూరిటీ, మీ తాతని ఎలా వదిలారు బావా?" అన్నాడు ఇంజనీరు. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "బజ్జీల నూనె ఆయనకి నామోషీ అయ్యుంటాది" అన్నాడు.

నామోషీ నాకు లేదా? అయినా చేశాను కదా!

గేటు దాటిన ట్యాంకర్‌ని మళ్ళీ లోపలికి తేవాలంటే అనుమతులన్నీ మొదటినుంచి కావాలి. అప్పటిదాకా రిఫైనరీ యూనిట్ ఆగదు. ఇంకొకరి నూనె పోసి ట్రయల్ కానిచ్చేశారు. అది నెగ్గింది. సరఫరా ఆ నూనె ఇచ్చినవాళ్ళకే పోయింది.

నా నూనెను వేరే చోట మళ్ళీ పరీక్ష చేయించాను. ఏ దోషమూ లేదు. చెడ్డ సరుకైతే తాతకు దణ్ణం పెట్టి ఊరుకునేవాణ్ణి. బతికున్నన్నాళ్ళూ మంచి సరుకును ఒక్కసారి కూడా తిప్పి పంపని మనిషి, పోయాక వచ్చి మనవడి సరుకునే తిప్పి పంపడమేమిటి? ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కడం లేదు. చిక్కినవాళ్ళుంటే చెప్పండి.

గోడౌన్ అమ్మేశాం. కొన్నవాళ్ళు అందులో బాత్‌రూమ్ టైల్స్ పెట్టారు.